వెన్నులో ఇంజెక్షన్ చేయించుకోవాలా వద్దా: ఎలా నిర్ణయించుకోవాలి?

నడుం నొప్పికి వారాల తరబడి మాత్రలు వాడి, స్కానింగ్ కూడా తీయించుకున్న తరువాత, "వెన్నులో ఒక ఇంజెక్షన్ చేసి చూద్దాం" అని డాక్టరుగారు అంటే, కొందరు కాళ్లు చచ్చుబడిపోతాయేమోనని భయపడి వెనక్కి వచ్చేస్తారు, మరికొందరు ఒక్క సూదితో నొప్పి శాశ్వతంగా పోతుందని నమ్మి అప్పటికప్పుడు ఒప్పుకుంటారు. ఈ రెండింటికీ మధ్య నిదానంగా ఆలోచించి నిర్ణయించుకునే దారి ఉంది.

ఇక్కడ చెబుతున్నది ఎక్కువగా చేసే ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి. వెన్నుపామును, నరాల మొదళ్లను కప్పి ఉంచే పొరకు వెలుపల ఉన్న సన్నటి ఖాళీలోకి స్టెరాయిడ్ మందును, తరచుగా మత్తుమందుతో కలిపి, ఎక్కిస్తారు. అది నరం చుట్టూ ఉన్న వాపును తగ్గిస్తుందే తప్ప జారిన డిస్కును వెనక్కి నెట్టదు, అరిగిన ఎముకను బాగుచేయదు. సిజేరియన్ సమయంలో నడుముకు ఇచ్చే మత్తు ఇంజెక్షన్ వేరు, ఇది వేరు. కాబట్టి ఇంట్లో ఎవరో ఆ మత్తు గురించి చెప్పిన అనుభవాన్ని బట్టి దీన్ని అంచనా వేయకండి.

మొదటి అడుగు: అత్యవసరం కాదని నిర్ధారించుకోండి

మూత్రం రాకుండా ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలవిసర్జనపై అదుపు తప్పడం, మర్మాంగాల చుట్టూ స్పర్శ తగ్గడం, రెండు కాళ్లూ బలహీనపడటం వంటివి కనిపిస్తే ఇంజెక్షన్ ఆలోచన పక్కనపెట్టి ఆ రోజే పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరం, రాత్రిళ్లు చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చి ఉండటం కూడా ముందుగా చెప్పవలసిన విషయాలే. మన దేశంలో వెన్నెముకకు క్షయ సోకడం అరుదేమీ కాదు, అలాంటి చోట స్టెరాయిడ్ ఎక్కిస్తే రోగం ముదిరే ప్రమాదం ఉంది.

రెండో అడుగు: నొప్పి ఎక్కడ ఉందో కచ్చితంగా చెప్పండి

నిర్ణయంలో సగం ఇక్కడే తేలిపోతుందని నా అభిప్రాయం. డాక్టరుగారి ముందు చేత్తో చూపించండి. నొప్పి పిరుదు నుంచి తొడ వెనకగా, పిక్క మీదుగా పాదం వరకు జివ్వుమని లాగుతూ, దగ్గినా తుమ్మినా ఎక్కువవుతూ, బొటనవేలిలోనో పాదం బయటి అంచులోనో తిమ్మిరి ఉంటే, అది నరం నలగడం వల్ల వచ్చే సయాటికా కావచ్చు. ఈ ఇంజెక్షన్ వల్ల ఎంతో కొంత మేలు కనిపించింది ఇలాంటివారిలోనే. అందులోనూ పరిమితి ఉంది: 2020లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 25 ప్రయోగాల ఫలితాలను కలిపి చూసినప్పుడు, 100 పాయింట్ల కొలమానంలో కాలు నొప్పి సగటున 5 పాయింట్లే తగ్గింది, అదీ కొద్దికాలం పాటే. సగటు చిన్నదైనా కొందరికి మంచి ఉపశమనం దొరుకుతుంది, కొందరికి ఏమీ దొరకదు; మీరు ఏ వైపు ఉంటారో ముందుగా చెప్పడం కష్టం.

నొప్పి నడుములోనే ఉండి కాలికి దిగకపోతే సంగతి వేరు. బ్రిటన్‌లో చికిత్సలపై మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016 మార్గదర్శకాల్లో, సయాటికా లేని నడుం నొప్పికి వెన్ను ఇంజెక్షన్లు ఇవ్వవద్దని స్పష్టంగా చెప్పింది. తీవ్రమైన కొత్త సయాటికాకు మాత్రం ఎపిడ్యూరల్‌ను పరిశీలించవచ్చంది. కొంతదూరం నడవగానే రెండు కాళ్లూ బరువెక్కి, కూర్చుంటేనో ముందుకు వంగితేనో తేలికపడే పెద్దవయసువారిలో తరచుగా వెన్ను నాళం, అంటే వెన్నెముకలో నరాలు వెళ్లే దారి, ఇరుకై ఉంటుంది. అలాంటి 400 మందిపై జరిగిన పరిశోధన 2014లో వెలువడింది. స్టెరాయిడ్ కలిపిన ఇంజెక్షన్‌కూ మత్తుమందు ఒక్కటే ఉన్న ఇంజెక్షన్‌కూ ఆరు వారాల తరువాత చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మూడు నెలలు దాటిన దీర్ఘకాలిక వెన్ను నొప్పికి, అది కాలికి దిగేదైనా సరే, ఈ ఇంజెక్షన్లు వద్దని 2025లో బీఎంజే అనే బ్రిటన్ వైద్య పత్రికలో వచ్చిన మార్గదర్శకాలు గట్టిగా చెప్పాయి. డాక్టర్లందరూ దీనితో ఏకీభవించరు, అందుకే మీ విషయంలో ఎందుకు చేయాలనుకుంటున్నారో అడిగి తెలుసుకోవడం అవసరం.

మూడో అడుగు: రోజులు లెక్కపెట్టండి, స్కానింగ్‌ను నొప్పితో పోల్చండి

డిస్కు జారి వచ్చిన కాలు నొప్పి చాలామందిలో ఆరు నుంచి పన్నెండు వారాల్లో దానంతటదే తగ్గుముఖం పడుతుంది, జారిన భాగాన్ని శరీరమే క్రమంగా కరిగించుకుంటుంది. కాబట్టి నొప్పి ఓర్చుకోగలిగేలా ఉంటే ఆగడమే మంచిది. నిద్ర లేక, అడుగు వేయలేక ఉంటే ఆ మధ్యకాలం గడవడానికి ఇంజెక్షన్ ఉపయోగపడవచ్చు. రిపోర్టులో "బల్జ్" (డిస్కు ఉబ్బు) అని చూసి కంగారుపడకండి. ఏ నొప్పీ లేనివారిలో కూడా ఇరవై ఏళ్ల వయసులో దాదాపు 30 శాతం మందికి, ఎనభై ఏళ్ల వయసులో 84 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపిస్తుంది. స్కానింగ్‌లో నలిగినట్టు కనిపించే నరమూ, మీ కాలు లాగే వైపూ ఒకటేనా అన్నదే అడగవలసిన ప్రశ్న.

నాలుగో అడుగు: మీ ఆరోగ్య వివరాలేవీ దాచకండి

షుగర్ ఉన్నవారు దీన్ని ప్రత్యేకంగా పట్టించుకోవాలి. స్టెరాయిడ్ వల్ల రక్తంలో చక్కెర కొన్ని రోజులు, ఒక్కోసారి వారం వరకు, బాగా పెరుగుతుంది. ముందే అదుపు తప్పి ఉంటే దాన్ని సరిచేసుకున్నాకే ఇంజెక్షన్‌కు వెళ్లాలి. ఆ వారమంతా ఇంట్లో రోజుకు రెండు మూడుసార్లు చూసుకుంటూ, మందు మోతాదు మార్చాలా అని షుగర్ డాక్టరును అడగాలి.

గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మందులు వాడేవారు వాటిని సొంతంగా ఆపితే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది, ఆపకుండా వెళితే వెన్నులో రక్తస్రావమై, ఆ రక్తం గడ్డగా పేరుకుని నరాలను నొక్కే ప్రమాదం ఉంది. గుండె డాక్టరు, ఇంజెక్షన్ చేసే డాక్టరు మాట్లాడుకుని చెప్పిన ప్రకారమే చేయాలి. గర్భం, ఒంట్లో ఎక్కడైనా ఇన్ఫెక్షన్, మందుల అలర్జీ ఉన్నా చెప్పండి.

ఐదో అడుగు: సంతకం పెట్టే ముందు ఇవి అడగండి

సూదిని ఎక్స్-రే తెరపై చూస్తూ, అంటే సి-ఆర్మ్ సాయంతో, చేస్తారా? ఏ మందు ఎక్కిస్తారు? నరం బయటికి వచ్చే రంధ్రం వైపు నుంచి ఇచ్చేటప్పుడు ద్రవంలో పూర్తిగా కరిగి రేణువులు మిగలని డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మిగతావాటికన్నా సురక్షితమని చాలామంది నిపుణులు భావిస్తారు. పక్షవాతం, చూపు పోవడం, మరణం వంటి తీవ్ర పరిణామాలు అరుదుగా సంభవించాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో హెచ్చరించింది. 2012లో అదే దేశంలో కలుషితమైన స్టెరాయిడ్ మందు వల్ల 750 మందికి పైగా ఫంగస్ సోకి, 60 మందికి పైగా చనిపోయారు. ఇవి అరుదైనవే, కానీ మందు ఎక్కడిది, గది ఎంత శుభ్రంగా ఉంది అని అడగడంలో మొహమాటం అక్కరలేదు.

ఇంజెక్షన్ సమయంలో బోర్లా పడుకోబెట్టి, పొట్ట కింద దిండు పెట్టి, ముందు చర్మానికి మత్తు ఇస్తారు. మందు ఎక్కుతున్నప్పుడు రోజూ వచ్చే కాలు నొప్పే ఒక్కసారి గుంజినట్టు అనిపించవచ్చు. అది ఎక్కువగా ఉంటే వెంటనే నోటితో చెప్పాలి. ఇలా చెప్పగలగాలనే పూర్తి మత్తు సాధారణంగా ఇవ్వరు.

ఆరో అడుగు: తరువాతి వారాల్లో గమనించండి

ఇంటికి మీరే బండి నడుపుకుంటూ వెళ్లవద్దు, ఎవరినైనా తోడు తెచ్చుకోండి. మత్తు దిగాక నొప్పి తిరిగి రావచ్చు, స్టెరాయిడ్ పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. జ్వరం, కాలు బలహీనపడటం, లేచి కూర్చుంటే పెరిగే తలనొప్పి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఎంత దూరం నడవగలిగారు, రాత్రి ఎన్ని గంటలు నిద్రపట్టింది అన్నది రోజూ రాసిపెట్టుకుని, నొప్పి తగ్గిన రోజుల్లో ఫిజియోథెరపీ మొదలుపెట్టండి. రెండు మూడు వారాలైనా మార్పు లేకపోతే రెండో ఇంజెక్షన్‌కు సిద్ధపడే ముందు, మొదటిది ఎందుకు పనిచేయలేదో డాక్టరును అడగండి. మూడు ఇంజెక్షన్లకు ముందే డబ్బు కట్టమనే ప్యాకేజీలకు ఒప్పుకోకండి. పాదం పైకి ఎత్తలేకపోవడం వంటి బలహీనత పెరుగుతుంటే ఇక ఇంజెక్షన్ గురించి కాక, ఆపరేషన్ అవసరమా అని వెన్నెముక సర్జన్‌తో మాట్లాడాలి.