‘ఓల్డర్’ ఎక్కడ, ‘ఎల్డర్’ ఎక్కడ

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. ఇద్దరి వయసులు పోల్చి చెప్పాలంటే ‘ఓల్డర్’. అన్న, అక్క, కొడుకు, కూతురు లాంటి మాటకు ముందు పెట్టాలంటే ‘ఎల్డర్’. ఈ రెండింట్లో అనుమానమొస్తే కళ్లు మూసుకుని ‘ఓల్డర్’ అనండి, తప్పు పోదు.

బెంగళూరు మారతహళ్లిలో మా పీజీ మేడ మీద, రాత్రి భోజనాలయ్యాక, స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తుంటాను. వచ్చేది చాలావరకు అనంతపురం, కడప, చిత్తూరు పిల్లలే. సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూల టెన్షన్‌లో ఉంటారు. ఇంట్లోవాళ్ల గురించి చెప్పమంటే చాలు, ‘మై బ్రదర్ ఈజ్ ఎల్డర్ దాన్ మీ’ అని ఒకరు, ‘ఎల్డర్ టు మీ’ అని ఇంకొకరు. రెండూ వదిలేయాల్సినవే. ‘ఎల్డర్’ పక్కన ‘దాన్’ కూర్చోదు. ఇక ఆ ‘టు’ బహుశా ‘సీనియర్ టు మీ’ నుంచి అంటుకుని ఉంటుంది. సీనియర్, జూనియర్, సుపీరియర్ లాటిన్ నుంచి వచ్చిన మాటలు, వాటికి ‘టు’ ఉండాల్సిందే. ‘ఎల్డర్’ అచ్చ ఇంగ్లీషు మాట, దానికి ఆ ‘టు’తో పనిలేదు. మన దేశంలో ‘ఎల్డర్ టు మీ’ అంటే అందరికీ అర్థమవుతుంది, మెజెస్టిక్ బస్టాండులో అన్నా ఎవరూ నవ్వరు. కానీ అమెరికా క్లయింటుతో కాల్‌లోనో, రాతలోనో వద్దు.

కడప నుంచి వచ్చిన ఒక పిల్లాడి వాక్యమే తీసుకుందాం. ‘మా అన్న కువైట్‌లో ఉంటాడు, నాకంటే మూడేళ్లు పెద్ద.’ దీన్ని ఇంగ్లీషులో పెట్టేటప్పుడు ‘నాకంటే’ను చివరికి జరపండి. తెలుగులో కూడా ‘మూడేళ్లు పెద్ద, నాకంటే’ అని అంటూనే ఉంటాం కదా. ఇప్పుడు మాటకు మాట వేసుకుంటూ పొండి: ‘త్రీ ఇయర్స్’, ‘ఓల్డర్’, ‘దాన్ మీ’. ‘హీ ఈజ్ త్రీ ఇయర్స్ ఓల్డర్ దాన్ మీ.’ అదే అన్నను పరిచయం చేయాలంటే ‘మై ఎల్డర్ బ్రదర్ వర్క్స్ ఇన్ కువైట్’. ఇక్కడ పోలిక లేదు, ఏ అన్నో చెప్పడమే.

మన చిక్కంతా ‘పెద్ద’ దగ్గరుంది. తెలుగులో పోలిక భారమంతా ‘కంటే’ మోస్తుంది, ‘పెద్ద’ ఎప్పుడూ ‘పెద్ద’గానే ఉంటుంది. ఇక్కడి కన్నడ పిల్లలదీ ఇదే కథ. ‘ననగింత దొడ్డవను’ అంటారు, ‘దొడ్డ’ మారదు. ఇంగ్లీషులో ‘దాన్’ పెట్టినా ‘ఓల్డ్’ కూడా ‘ఓల్డర్’ కావాల్సిందే. పైగా మన ‘పెద్ద’ వయసుకీ సైజుకీ ఒకటే. అందుకని ‘మై సిస్టర్ ఈజ్ బిగ్గర్ దాన్ మీ’ అంటారు. విన్నవాళ్లు మీ అక్క వయసు కాదు, ఒళ్లు ఊహించుకుంటారు. అక్క వింటే ఆ పూట అన్నం పెట్టదు. ‘చిన్న’ కూడా అంతే. చెల్లెలు ‘స్మాలర్’ కాదు, ‘యంగర్’. ఈ ‘యంగర్’ మాత్రం మంచిది, పోలికకూ పరిచయానికీ ఒకటే సరిపోతుంది.

‘చాలా పెద్ద’ అనాలంటే ‘వెరీ ఓల్డర్’ కాదు, ‘మచ్ ఓల్డర్’. ‘ఇంకా పెద్ద’కి ‘మోర్ ఓల్డర్’ అనకండి. ‘అర్’లోనే ‘మోర్’ ఉంది.

ఇద్దరు కొడుకులుంటే పెద్దోడు ‘ఎల్డర్ సన్’, ముగ్గురుంటే ‘ఎల్డెస్ట్’. నడిపోడు ‘మిడిల్ వన్’. అమెరికావాళ్లు ఈ గొడవ పెట్టుకోకుండా ‘ఓల్డర్ బ్రదర్’, ‘ఓల్డెస్ట్ సన్’ అనేస్తారు. నాకైతే అదే నచ్చుతుంది.

అసలు రెండు రూపాలెందుకంటే, ‘ఎల్డర్’ పాతది. పాత ఇంగ్లీషులో ‘ఓల్డ్’కి పోలిక రూపంలో లోపలి అచ్చు మారేది, ‘ఫుట్’ కాస్తా ‘ఫీట్’ అయినట్టే. మామూలు పద్ధతిలో ‘అర్’ చేర్చిన ‘ఓల్డర్’ తర్వాత వచ్చి వీధంతా ఆక్రమించింది, ‘ఎల్డర్’ ఇంటి గడప లోపలికి సర్దుకుంది. ఊరి పెద్దలను ‘విలేజ్ ఎల్డర్స్’ అనడంలో, ఒకే పేరున్న ఇద్దరిని విడదీయడంలో ఇంకా బతికే ఉంది. ఇంగ్లండులో తండ్రీ కొడుకులిద్దరూ విలియం పిట్‌లే, ఇద్దరూ ప్రధానులే. తండ్రి ‘పిట్ ది ఎల్డర్’, 1783లో 24 ఏళ్లకే ప్రధాని అయిన కొడుకు ‘పిట్ ది యంగర్’. అన్నమయ్య కొడుకును పెద తిరుమలాచార్యుడనీ, మనవణ్ని చిన తిరుమలాచార్యుడనీ మనం అనడం లేదూ? అలాంటిదే.

బండి, బిల్డింగ్, యాప్ వెర్షన్, వీటికి ‘ఎల్డర్’ ఎన్నడూ రాదు. ‘దిస్ ఈజ్ ఏన్ ఓల్డర్ వెర్షన్’, అంతే.

పుస్తకాల్లో పెద్దగా చెప్పని విషయం ఒకటుంది. ‘ఏన్ ఓల్డ్ మ్యాన్’ అంటే ముసలాయన. ‘ఏన్ ఓల్డర్ మ్యాన్’ అంటే అంతకంటే ముసలాయన అనుకుంటారు మనవాళ్లు. కాదు, ఆయన వయసు తక్కువే! కాస్త వయసు పైబడినాయన అని అర్థం. పక్కన ‘దాన్’ లేకుండా వచ్చిన ‘ఓల్డర్’ మాటను మెత్తబరుస్తుంది. బీఎంటీసీ బస్సులో ఒక పెద్దావిడకు సీటివ్వమని ఎవరికైనా చెప్పాలంటే ‘ఓల్డ్ లేడీ’ అనకండి, ఆవిడకు వినబడుతుంది. ‘ఓల్డర్ లేడీ’ అనండి. ఆఫీసు మెయిల్లో కూడా ‘ఓల్డ్ కస్టమర్స్’ అంటే ఎప్పటి నుంచో ఉన్న ఖాతాదారులా, వయసుమళ్లినవాళ్లా అన్నది తేలదు. వయసు గురించయితే ‘ఓల్డర్ కస్టమర్స్’ అని రాస్తే గౌరవంగానూ ఉంటుంది.

ఇక ‘దాన్ మీ’ తప్పు, ‘దాన్ ఐ’ అనాలని దిద్దే మేనేజర్లు కొందరుంటారు. మాటల్లో ‘దాన్ మీ’ బ్రహ్మాండంగా చెల్లుతుంది. రాతలో వాళ్లతో వాదన ఎందుకనుకుంటే ‘దాన్ ఐ యామ్’ అని పూర్తిగా రాసేయండి, దిద్దడానికి ఏమీ మిగలదు.