వినియోగదారుల కమిషన్‌లో సొంతంగా ఫిర్యాదు వేయడం ఎలా?

కొన్న వస్తువు నెల తిరక్కుండానే పాడైతే షాపువాళ్లు కంపెనీకి ఫోన్ చేయమంటారు. కంపెనీవాళ్లు సర్వీస్ సెంటర్ పేరు చెబుతారు. సర్వీస్ సెంటర్‌లో విడిభాగం రావాలంటారు. ఇలా తిరిగి తిరిగి చాలామంది విసిగిపోయి వదిలేస్తారు. కోర్టంటే లాయరు, ఖర్చు, టెన్షన్ అనే భయమే దానికి కారణం. నిజానికి వినియోగదారుల కమిషన్‌లో మీ కేసు మీరే వేసుకోవచ్చు, మీరే వాదించుకోవచ్చు. వస్తువుకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫీజు కూడా లేదు. కావలసిందల్లా తేదీల వారీగా సర్దుకున్న కాగితాలు. కేసులో సగం బలం ఆ సర్దడంలోనే ఉంటుందని నేను నమ్ముతాను. అందుకే ఈ వ్యాసంలో దాని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

ఇప్పుడు అమల్లో ఉన్నది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. 1986 నాటి పాత చట్టాన్ని తీసేసి, 2020 జులై 20 నుంచి దీన్ని అమలు చేస్తున్నారు. జిల్లా ఫోరం పేరు ఇప్పుడు జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్. జనం మాత్రం ఇంకా కన్స్యూమర్ కోర్టు అనే అంటారు. అలా అడిగినా దారి చూపిస్తారు.

ఎవరు వేయవచ్చు?

డబ్బిచ్చి వస్తువు కొన్నవారు, సేవ పొందినవారు వేయవచ్చు. వాయిదాల మీద కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా ఫరవాలేదు. మీరు కొన్నదాన్ని మీ అనుమతితో వాడుతున్న ఇంట్లోవాళ్లకూ ఈ హక్కు ఉంది. తిరిగి అమ్ముకోవడానికో, వ్యాపారం కోసమో కొంటే మాత్రం చట్టం దృష్టిలో మీరు వినియోగదారు కారు. అయితే పొట్టకూటి కోసం సొంతంగా పనిచేసుకునేవారికి మినహాయింపు ఉంది. ఇంట్లో బట్టలు కుట్టుకునే మనిషి తన కోసం కొనుక్కున్న కుట్టుమిషన్ విషయంలో ధైర్యంగా ఫిర్యాదు చేయవచ్చు.

పూర్తిగా ఉచితంగా అందిన సేవ మీద ఫిర్యాదు నిలవదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం ఈ చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. లాయర్ల సేవలు రావని 2024 మే నెలలో చెప్పింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బోర్డు పెట్టినా, బిల్లు మీద అచ్చువేసినా, లోపం ఉన్న వస్తువు విషయంలో అది చెల్లదు. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులో, ఏమీ రాయకపోతే 30 రోజుల్లో లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి అని చట్టం చెబుతోంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. కాబట్టి బిల్లు అడగడానికి ఎప్పుడూ మొహమాటపడకండి.

కమిషన్‌కు వెళ్లేముందు

ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు. వాళ్లు ఫిర్యాదు నమోదు చేసుకుని కంపెనీకి పంపుతారు. చాలా గొడవలు ఇక్కడే సర్దుకుంటాయి. కానీ హెల్ప్‌లైన్‌కు తీర్పు చెప్పే అధికారం లేదు. వాళ్లిచ్చే డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఆన్‌లైన్‌లో కొన్నదైతే ఆ సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు (ఫిర్యాదులు చూసే అధికారికి) రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి.

అప్పటికీ కదలకపోతే ఒక నోటీసు పంపండి. దానికి లాయరు అక్కర్లేదు. ఎప్పుడు కొన్నారు, ఎంత ఇచ్చారు, లోపం ఏమిటి, ఏం కావాలి, ఎన్ని రోజుల్లో కావాలి, ఇవన్నీ ఒక పేజీలో రాసి స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. ఈ నోటీసు తప్పనిసరి అని చట్టంలో లేదు. అయినా పంపమనే చెబుతాను. సరిదిద్దుకునే అవకాశం వాళ్లకు ఇచ్చామని కమిషన్‌కు చూపించడానికి ఇంతకన్నా మంచి కాగితం ఉండదు.

ఈ ఫోన్లు, నోటీసుల మధ్య ఒక గడువును మర్చిపోవద్దు. వివాదానికి కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. మీరు నోటీసు పంపారనో, వాళ్లు ‘చూస్తున్నాం’ అని మెయిల్ ఇచ్చారనో ఆ లెక్క ఆగదు. రెండేళ్లు దాటితే ఆలస్యానికి సరైన కారణం చూపిస్తూ విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. దాన్ని ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం కమిషన్ ఇష్టం. ఆశ చూపిస్తూ కాలం గడిపేసే కంపెనీలతో ఈ విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి.

ఏ కమిషన్, ఎంత ఫీజు?

మీరు చెల్లించిన మొత్తాన్ని బట్టి కమిషన్ మారుతుంది. 50 లక్షల వరకు జిల్లా కమిషన్, అక్కడి నుంచి 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన ఢిల్లీలోని జాతీయ కమిషన్. ఇక్కడ చూసేది మీరు అడిగే నష్టపరిహారాన్ని కాదు, వస్తువుకు లేదా సేవకు మీరు ఇచ్చిన డబ్బును. 30 వేలకు ఫ్రిజ్ కొని, ఎంత పరిహారం అడిగినా కేసు జిల్లాలోనే.

ఫీజు 5 లక్షల వరకు లేదు. 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400, 50 లక్షల వరకు 1,000. మామూలు ఇంటి అవసరాలకు ఇంతకు మించి చూడాల్సిన పని రాదు.

కొత్త చట్టం చేసిన పెద్ద మేలు ఒకటుంది. కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా, మీరు నివసించే చోట, లేదా మీరు ఉద్యోగమో పనో చేసుకునే చోట ఉన్న కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. పాత చట్టంలో ఈ సౌకర్యం లేదు. ముంబైలోని కంపెనీ మీద మన జిల్లాలోనే వేయవచ్చని తెలియక ఊరుకున్నవాళ్లను నేను చూశాను.

ఫిర్యాదు రాయడం

ఇక అసలు పని. ముందు ఒక తెల్లకాగితం మీద తేదీల పట్టిక రాసుకోండి. కొన్న రోజు, డెలివరీ రోజు, మొదటిసారి పాడైన రోజు, ఫోన్ చేసిన రోజు, మనిషి వచ్చి చూసిన రోజు, వాళ్లు చెప్పిన మాట. ప్రతి తేదీ పక్కన దానికి రుజువుగా ఏ కాగితం ఉందో రాయండి. రుజువు లేని తేదీలు ఎక్కడెక్కడ ఉన్నాయో అప్పుడు తెలుస్తుంది. వాటి కోసం పాత మెసేజ్‌లు, మెయిళ్లు, బ్యాంకు స్టేట్‌మెంట్ వెతకండి.

మా ఇంట్లో వాషింగ్ మెషిన్ మోటారు ఏడు నెలల్లో మూడుసార్లు ఆగిపోయింది. కంపెనీవాళ్లు తర్వాత ‘వాడకంలో తప్పు’ అన్నారు. మమ్మల్ని కాపాడింది టెక్నీషియన్ ఇచ్చి వెళ్లిన జాబ్ షీట్లు. మూడింటిలోనూ మోటారు లోపమనే రాసి ఉంది. వాటిని చించి పారేయకుండా మా అమ్మ క్యాలెండర్ వెనక పెట్టింది. అందుకే చెబుతున్నాను, వచ్చిన మనిషి సంతకం చేసిన ఏ కాగితాన్నీ పారేయవద్దు. కాగితం ఇవ్వకుండా వెళ్లిపోతుంటే, ఏం చూశారో ఆ సాయంత్రమే కంపెనీకి మెయిల్ రాయండి.

పట్టిక తయారయ్యాక దాన్నే వరుస నంబర్లతో పేరాలుగా మారిస్తే ఫిర్యాదు అవుతుంది. పైన కమిషన్ పేరు, మీ పేరు, చిరునామా, తర్వాత ఎదుటి పక్షాల పేర్లు. అమ్మిన షాపును, తయారుచేసిన కంపెనీని ఇద్దరినీ చేర్చండి. ఆన్‌లైన్ కొనుగోలైతే సైట్‌ను, బిల్లు మీద ఉన్న అమ్మకందారును కూడా. ఒకరినే చేరిస్తే, తప్పు రెండోవారిదని ఆ ఒకరు తప్పించుకునే వీలుంది. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా సరిగ్గా రాయండి, లేకపోతే నోటీసు తిరిగి వస్తుంది, నెలలు పోతాయి.

చివర్లో ఏం కావాలో స్పష్టంగా అడగాలి. డబ్బు వాపసు, లేదంటే కొత్త వస్తువు, చెల్లించిన రోజు నుంచి వడ్డీ, పడిన ఇబ్బందికి పరిహారం, కేసు ఖర్చులు. పరిహారం అంకె వేసేటప్పుడు కోపం కాస్త పక్కన పెట్టండి. 30 వేల వస్తువుకు 20 లక్షలు అడిగితే ఫిర్యాదు మొత్తం మీదే అనుమానం వస్తుంది. బయట బట్టలు ఉతికించిన బిల్లులు, సెలవు పెట్టిన రోజులు, ఆటో ఖర్చులు చూపించి అడిగిన అంకెకు విలువ ఉంటుంది.

దీనికి అఫిడవిట్ (రాసినవన్నీ నిజమని చెప్పే ప్రమాణ పత్రం) జతచేసి నోటరీ చేయించాలి. బిల్లు, వారంటీ కార్డు, జాబ్ షీట్లు, మెయిళ్లు, నోటీసు, పోస్టు రసీదుల నకళ్లకు నంబర్లు వేసి, ముందు ఇండెక్స్ పెట్టాలి. వాట్సాప్ చాట్లు, స్క్రీన్‌షాట్లు, ఫోన్ రికార్డింగులు పెడుతుంటే భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ కూడా జతచేయండి. ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి, అడిగినప్పుడు చూపిస్తే చాలు.

దాఖలు చేయడం

నేరుగా జిల్లా కమిషన్ కార్యాలయంలో ఇవ్వవచ్చు, లేదా ఈ-జాగృతి పోర్టల్‌లో వేయవచ్చు. ఇంతకుముందున్న ఈ-దాఖిల్ స్థానంలో 2025 జనవరి 1 నుంచి ఈ-జాగృతి వచ్చింది. మొబైల్ నంబరుతో రిజిస్టర్ అయి, కమిషన్‌ను ఎంచుకుని, వివరాలు నింపి, కాగితాల పీడీఎఫ్‌లు ఎక్కించాలి. ఫీజు ఉంటే అక్కడే కట్టవచ్చు. స్కాన్ చేసిన ప్రతి పేజీ చదవడానికి వీలుగా ఉందో లేదో చూసుకోండి. పరిశీలనలో లోపాలు చూపిస్తే చెప్పిన గడువులో సరిచేసి మళ్లీ పంపాలి. నేరుగా ఇచ్చేటప్పుడైతే కమిషన్‌కు కావలసిన సెట్లతో పాటు ప్రతి ఎదుటి పక్షానికీ ఒక్కో సెట్ ఉండాలి. ఎన్ని కావాలో ముందే అక్కడి సిబ్బందిని అడగండి.

తర్వాత జరిగేది

ఫిర్యాదును స్వీకరించాలో లేదో మామూలుగా 21 రోజుల్లో తేల్చాలి. మీ మాట వినకుండా తిరస్కరించకూడదు. స్వీకరించాక ఎదుటి పక్షానికి నోటీసు వెళ్తుంది. జవాబుకు వాళ్లకు 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే మరో 15. ఆ 45 రోజులు దాటాక గడువు పెంచడానికి వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చిలో తేల్చి చెప్పింది. ఇద్దరూ ఒప్పుకుంటే కేసును మధ్యవర్తిత్వానికి పంపే అవకాశమూ ఉంది. మంచి మాట వస్తే కాదనకండి, కానీ ఒప్పందం రాతలో ఉండాలి.

మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. ఆచరణలో ఇంతకంటే ఎక్కువ పట్టడం మామూలే, దానికి మనసు సిద్ధం చేసుకోండి. ప్రతి వాయిదాకు వెళ్లండి. వెళ్లలేకపోతే వీడియో ద్వారా హాజరవుతానని అడగవచ్చు. మీరు రాకపోతే ఉన్న కాగితాల మీదే కేసు తేల్చేయవచ్చు.

జిల్లా కమిషన్ తీర్పు నచ్చనివారు 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. డబ్బు కట్టమని తీర్పు వచ్చిన కంపెనీ అప్పీలుకు వెళ్లాలంటే ఆ మొత్తంలో సగం ముందు డిపాజిట్ చేయాలి. అప్పీలుకూ వెళ్లక, డబ్బూ కట్టక ఊరుకుంటే అదే జిల్లా కమిషన్‌లో అమలు పిటిషన్ వేయండి. ఆదేశం పాటించనివారికి నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25 వేల నుంచి లక్ష వరకు జరిమానా, లేదా రెండూ వేసే అధికారం కమిషన్‌కు ఉంది. పిటిషన్‌తో పాటు తీర్పు సర్టిఫైడ్ కాపీ పెట్టాలి కాబట్టి, తీర్పు వచ్చిన వెంటనే దాన్ని తీసుకుని పాత కాగితాల ఫైల్లోనే దాచుకోండి.