ప్యానెల్ మీద ఎర్ర దీపం: నడుస్తున్నట్టా, ఆగినట్టా?

చాలా సబ్‌స్టేషన్లలో బ్రేకర్ ఆన్‌లో ఉంటే ఎరుపు, ఆఫ్‌లో ఉంటే ఆకుపచ్చ. లైన్‌లో కరెంటుంది, జాగ్రత్త అని ఎరుపుకు అర్థం. యంత్రాల ప్యానెళ్లకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60204-1లో మాత్రం ఎరుపు ప్రమాదానికి, ఆకుపచ్చ మామూలు స్థితికి. రెండు రకాలూ ఒకే గదిలో ఉంటే నేను ముందు చూసేది డ్రాయింగ్, తర్వాతే రంగు.

దీపాలు తారుమారుగా ఉంటే, సరిచేసేటప్పుడు సప్లై ఆపి, తాళం వేసి, మీటర్‌తో కరెంటు లేదని తేల్చుకోవాలి. కాంటాక్టర్ (మోటారు లాంటివాటిని ఆన్, ఆఫ్ చేసే విద్యుత్ స్విచ్) ఆన్ అయినప్పుడు కలిసే 13-14 టెర్మినళ్ల నుంచి వచ్చే వైరు నడుస్తున్నట్టు చూపే దీపానికి వెళ్లాలి, ఆఫ్‌లో ఉన్నప్పుడు కలిసి ఉండే 21-22ది ఆగినట్టు చూపేదానికి. రంగు మార్చాలని పై మూత ఒక్కటే మార్చొద్దు. లోపలి ఎల్‌ఈడీ ఎరుపుదైతే ఆకుపచ్చ మూత వెనక దాదాపు ఆరిపోయినట్టే కనిపిస్తుంది. అది చూసి సప్లై లేదనుకుని ఎవరైనా లోపల చెయ్యి పెడితే ప్రాణం మీదికొస్తుంది. అదే వోల్టేజీ ఉన్న 22 మి.మీ. దీపం మొత్తంగా మార్చాలి. కింద ‘నడుస్తోంది’, ‘ఆగింది’ అని లేబుల్ కూడా అంటించాలి.

గోడ స్విచ్చులు భారత్, బ్రిటన్‌లలో కిందికి నొక్కితే ఆన్, అమెరికాలో పైకి. తిరగబడినదాన్ని విప్పి 180 డిగ్రీలు తిప్పి బిగిస్తే సరి. మెట్ల దగ్గరలా ఒకే లైటును రెండు చోట్ల నుంచి వేసే టూ-వే స్విచ్‌కి ఇది పనికిరాదు, దాని స్థానాన్ని బట్టి ఆన్, ఆఫ్ తెలియవు.