సేనాని ఉత్తరాన్ని సాక్ష్యంగా చదవడం ఎలా?

యుద్ధం మధ్యలో సేనాని రాసిన ఉత్తరం దొరికితే ముందు అందులో ఏముందో చూడాలనిపిస్తుంది. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది, మీ చేతిలో ఉన్నది ఏ ప్రతి అని. ఒకే ఉత్తరానికి చిత్తుప్రతి ఉండొచ్చు, సంతకం చేసి పంపిన కాగితం ఉండొచ్చు, గుమాస్తా నకళ్ల పుస్తకంలో ఎక్కించింది ఉండొచ్చు, అందుకున్నచోట రాసుకున్న నకలు ఉండొచ్చు. ఆ తర్వాత ఎప్పుడో అచ్చయిన పాఠం ఉండొచ్చు. ఇవన్నీ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటాయనుకుంటే దెబ్బతింటారు.

అమెరికా అంతర్యుద్ధమే చూడండి. 1862 జూన్ 27న గెయిన్స్ మిల్ దగ్గర ఓడిన ఉత్తరాది జనరల్ జార్జ్ మెక్‌క్లెలన్, ఆ అర్ధరాత్రి దాటాక యుద్ధమంత్రి స్టాంటన్‌కు టెలిగ్రామ్ కొట్టాడు. ఈ సైన్యాన్ని నేను కాపాడుకోగలిగితే అందుకు మీకు గానీ వాషింగ్టన్‌లో ఇంకెవరికి గానీ నేను రుణపడను, దీన్ని బలిపెట్టడానికి మీరు చేయగలిగిందంతా చేశారు అని చివరి రెండు వాక్యాల్లో కడిగేశాడు. వాషింగ్టన్‌లో మిలిటరీ టెలిగ్రాఫ్ చూసే ఎడ్వర్డ్ శాన్‌ఫర్డ్ ఆ రెండు వాక్యాలూ తీసేసి మిగతాది మంత్రికి అందించాడు. పంపిన ప్రతిని మాత్రమే చదివినవాళ్లు, ఇంత మాట పడి కూడా స్టాంటన్, లింకన్ ఎందుకు ఊరుకున్నారని సిద్ధాంతాలు అల్లుతారు. అప్పటికి ఆ మాట వాళ్ల చెవిన పడనే లేదు. రాసినవాడి మనసులో ఏముందో తెలియాలంటే పంపిన ప్రతి చూడాలి. చదివినవాడు ఏం చేశాడో, ఎందుకు చేశాడో తేల్చాలంటే అందిన ప్రతే ఆధారం.

అసలు పంపనే లేని ఉత్తరాలూ ఉంటాయి. గెటిస్‌బర్గ్ యుద్ధం తర్వాత దక్షిణాది సేనాని లీ సైన్యాన్ని తప్పించుకుపోనిచ్చినందుకు ఉత్తరాది జనరల్ మీడ్‌ను తప్పుబడుతూ లింకన్ 1863 జూలై 14న ఒక ఉత్తరం రాశాడు. దాన్ని పంపలేదనీ, సంతకం కూడా చేయలేదనీ కవరు మీద ఆయనే రాసిపెట్టాడు. కవరు చూడకుండా ఉత్తరం మాత్రం చదివితే మీడ్ ఆ చీవాట్లు తిన్నాడనే అనుకుంటాం. అందుకని ఆర్కైవ్స్‌లో ఫొటో తీసుకునేటప్పుడు కవరు, ముందు వైపు, వెనక వైపు, ఖాళీ పేజీ, అన్నీ తీయండి. ఫలానా రోజు ముట్టిందని గుమాస్తా వేసిన గుర్తు చాలాసార్లు కాగితం వెనకే ఉంటుంది.

ఇక తేదీ. ఒక పట్టిక గీసుకుని రాసిన రోజు, పంపిన రోజు, చేరిన రోజు అని మూడు గడులు పెట్టుకోండి. తెలియని గడిని ఖాళీగా ఉంచండి, ఊహతో నింపొద్దు. రష్యా సేనానుల ఉత్తరాలైతే నాలుగో గడి కావాలి, అక్కడ అప్పట్లో పాత జూలియన్ క్యాలెండరే నడిచేది. బొరొడినో యుద్ధం రష్యా సేనాని కుతుజోవ్ లెక్కలో 1812 ఆగస్టు 26, ఫ్రెంచివాళ్ల లెక్కలో సెప్టెంబరు 7. ఆ తేడా 19వ శతాబ్దంలో 12 రోజులు, 20వ శతాబ్దంలో 13. కాగితం మీదున్న తేదీని ఉన్నదున్నట్టు ఒక గడిలో, మార్చిన తేదీని పక్క గడిలో రాయండి. అచ్చు సంపుటాల సంపాదకులు కొందరు ముందే మార్చేసి ఉంటారు. అది గమనించకుండా మీరు మళ్లీ మారిస్తే యుద్ధానికి ముందటి ఆదేశం యుద్ధం అయిపోయాక వెలువడినట్టు కనబడుతుంది.

స్వహస్తంతో వేసిన తేదీ కూడా తప్పు కావచ్చు. రెండో ప్రపంచయుద్ధంలో నార్మండీ దాడి విఫలమైతే ప్రకటించడానికని మిత్రపక్షాల సర్వసేనాని ఐసెన్‌హోవర్ 1944 జూన్ 5న రాసుకున్న చీటీ మీద జూలై 5 అని ఉంది. నెలను సరిచేసేది లోపలి విషయమే. అదే చీటీలో కొట్టివేతలు కూడా చూడదగ్గవి. సైన్యాన్ని వెనక్కి తీసుకోవడం జరిగిందన్న ధోరణిలో మొదలుపెట్టి, దాన్ని కొట్టేసి, నేనే వెనక్కి తీసుకున్నాను అని మార్చాడు. శుభ్రంగా టైపు చేసిన పాఠంలో ఇది కనబడదు. ఎత్తి రాసుకునేటప్పుడు కొట్టేసిన మాటల్ని చదరపు బ్రాకెట్లలో పెట్టి నిలుపుకోండి, స్పెల్లింగు దిద్దకండి.

ఇదంతా అయ్యాకే విషయంలోకి దిగాలి. ప్రతి వాక్యం పక్కన పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టండి: కళ్లారా చూసింది, ఎవరో చెప్పింది, ఊహించింది, అడుగుతున్నది. శత్రుబలం గురించిన అంకెలు దాదాపుగా రెండో, మూడో రకమే. మెక్‌క్లెలన్ 1862 జూన్ 25న తన ఎదుట 2,00,000 మంది ఉన్నట్టు చెబుతున్నారని తంతి పంపాడు. లీ దగ్గర ఉన్నది సుమారు 90,000. లీ బలానికి ఆ తంతి సాక్ష్యం కాదు. మెక్‌క్లెలన్ ఎంత జంకాడో, అదనపు బలగాల కోసం ఎంత ఒత్తిడి చేశాడో చెప్పడానికి మాత్రం గట్టి సాక్ష్యం. సొంత బలం, నష్టాల అంకెలకు ఆ నెల హాజరు పట్టీలు, కిందిస్థాయి అధికారుల నివేదికలు, అవతలి పక్షం రికార్డులు పక్కన పెట్టుకోండి. ఏ అంకెలో ఎవరిని లెక్కేశారో చూడండి. రోగులు, సెలవు మీద పోయినవాళ్లు, బండ్లు తోలేవాళ్లు ఒక పట్టీలో ఉంటారు, ఇంకోదాంట్లో ఉండరు. పోరాడేవాళ్ల సంఖ్యను మొత్తం సంఖ్యతో పోలిస్తే ఏ సేనాని అయినా అబద్ధాలకోరులా కనబడతాడు.

ఆ రోజే పై అధికారికి, కింది అధికారికి, ఇంటికి రాసినవి దొరికితే పక్కపక్కన పరిచి చదవండి. ఒకచోట ఉండి ఇంకోచోట లేని మాటను పట్టుకోండి. భార్యకు రాసిందే నిజమనే నమ్మకం చాలామందిలో ఉంది, నాకు అది అంతగా రుచించదు. ఇంటికి రాసేవాడు ధైర్యం నటిస్తాడు, గొప్పలు పోతాడు, పైవాళ్ల మీద కసి తీర్చుకుంటాడు. పైగా ఆ ఉత్తరాలు మన దాకా వచ్చిన దారి తిన్నగా ఉండదు. మెక్‌క్లెలన్ భార్యకు రాసినవాటిలో మనకు మిగిలినవి ఎక్కువగా యుద్ధం తర్వాత ఆయన ఆత్మకథ కోసం ఎత్తి రాసుకున్న భాగాలే. ఆయన పోయాక, 1887లో అచ్చయినప్పుడు సంపాదకుడు మరికొంత కత్తిరించాడు. నెపోలియన్ ఉత్తరాలకూ ఆ గతి తప్పలేదు. ఆయన తమ్ముడి కొడుకు మూడో నెపోలియన్ హయాంలో వచ్చిన సంపుటాల్లో వంశానికి మచ్చ తెచ్చేవి పక్కకు పోయాయి. ఎంపిక చేసిన సంపుటం చేతికొస్తే ఎవరు, ఎప్పుడు, ఎవరి ఖర్చుతో వేశారో ముందుమాటలో వెతకండి.

మీ వ్యాసంలో రాసేటప్పుడు క్రియాపదం దగ్గర జాగ్రత్త. "శత్రువు 2,00,000 మందితో నిలిచాడు" కాదు, "2,00,000 మంది ఉన్నట్టు సమాచారమని రాశాడు" అనాలి. కింద వేసే సూచికలో ఆర్కైవ్స్ పేరు, పెట్టె, పుట సంఖ్యలతో పాటు అది ఏ రకం ప్రతో, కాగితం మీదున్న తేదీ, రాత ఎవరిదో కూడా ఉండాలి. సంతకం సేనానిదే అయినా పైనున్న రాత సహాయక అధికారిది కావచ్చు. అలాంటప్పుడు ఇద్దరి పేర్లూ వేయండి.