ఎంజీఎంలో సైకియాట్రీ ఓపీ: యూనివర్సిటీ విద్యార్థులు ఎలా చూపించుకోవాలి?

వరంగల్, హనుమకొండల్లో చదువుకునే విద్యార్థి సైకియాట్రిస్టుకు (మానసిక వైద్యుడికి) చూపించుకోవాలంటే ఎవరి సిఫారసు లేఖా అక్కర్లేదు. హెచ్‌ఓడీ సంతకం, వార్డెన్ అనుమతి, ఇంటి నుంచి ఫోను, ఏదీ అవసరం లేదు. 18 ఏళ్లు నిండితే నేరుగా వరంగల్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎం (మహాత్మాగాంధీ మెమోరియల్) దవాఖానకు వెళ్లి ఓపీ చీటీ రాయించుకోవచ్చు. నిండనివాళ్లు మాత్రం అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని వెళ్లాలి.

ఓపీ ప్రధానంగా ఉదయం పూటే. ఆదివారాలు, పండగ సెలవులు వదిలేసి, ఒక పూట క్లాసు పోయినా సరే అనుకుని పొద్దున్నే బయల్దేరండి. ఆధార్, ఫోను దగ్గరుంచుకోండి. ఇదివరకు ఎక్కడైనా చూపించుకుని ఉంటే ఆ చీటీలు, వాడిన మందుల అట్టలు కూడా పట్టుకెళ్లాలి.

కౌంటర్‌లో ఏ విభాగం అని అడిగితే 'సైకియాట్రీ' అని చెప్పాలి. చాలామంది జంకేది ఇక్కడే. వెనక లైన్లో మన ఊరివాళ్లుంటారేమోనని తలనొప్పి అని చెప్పి జనరల్ మెడిసిన్ చీటీ తీసుకుంటే, అక్కడి నుంచి మళ్లీ ఇటే పంపుతారు. పూట గడిచిపోతుంది, లైను తప్పదు.

ఇది కాకతీయ మెడికల్ కాలేజీకి అనుబంధ ఆసుపత్రి. కాబట్టి ముందు పీజీ డాక్టరు వివరాలు రాసుకుని, తర్వాత పెద్ద డాక్టరు చూడటం మామూలే. చెప్పిందే రెండోసారి చెప్పాల్సి వస్తే విసుక్కోకండి. రద్దీలో మాట పెగలకపోవచ్చు, అందుకే ముందురోజే ఒక కాగితం మీద రాసుకోండి: ఇబ్బంది ఎప్పటి నుంచి, నిద్ర ఎన్ని గంటలు, ఆకలి ఎలా ఉంది, పుస్తకం ముందు కూర్చోగలుగుతున్నారా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా. 'బాగా టెన్షన్‌గా ఉంటోంది సార్' అన్న ఒక్క మాటతో డాక్టరుకు ఏమీ తెలియదు. మద్యం, గంజాయి అలవాటుంటే అదీ దాచొద్దు. ఏ మందు రాయాలన్నది దాన్ని బట్టి మారుతుంది. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే అన్నిటికంటే ముందు ఆ మాటే చెప్పండి.

అలాంటి ఆలోచన రాత్రిపూట ముదిరితే ఓపీ కోసం తెల్లారేదాకా ఆగొద్దు. పక్క గది స్నేహితుణ్ని లేపి క్యాజువాలిటీకి వెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

థైరాయిడ్ పరీక్ష రాస్తే ఆశ్చర్యపోకండి. థైరాయిడ్ తగ్గినా డిప్రెషన్‌లాగే నీరసం, దిగులు కనిపిస్తాయి. డిప్రెషన్ మందుల గుణం తెలియడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కొందరికి ఇంకొంచెం ఎక్కువ. వారానికే 'పనిచేయట్లేదు' అని మానేయడం, కాస్త కుదుటపడగానే సొంతంగా ఆపేయడం, రెండూ తిప్పలు తెచ్చేవే. సెలవులకు ఆదిలాబాద్, మంచిర్యాల వైపు ఇంటికి వెళ్తుంటే ముందే చెప్పి, అన్ని రోజులకూ సరిపడా మందులు రాయించుకోండి.

కాలేజీకి తెలిసిపోతుందన్న భయం చాలామందికి ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచాలి. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. కాలేజీ అడిగినంత మాత్రాన ఇవ్వకూడదు.

క్యాంపస్‌లో కౌన్సెలర్ ఉంటే అక్కడా మాట్లాడొచ్చు. 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న సంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది. అయితే కౌన్సెలర్లు మందులు రాయరు, దానికి డాక్టరే కావాలి.

హాజరు తగ్గి మెడికల్ సర్టిఫికెట్ కావాల్సి వస్తే, చికిత్స నడుస్తుండగానే అడగండి. సెమిస్టర్ చివర్లో పాత తేదీలు వేసి ఇమ్మంటే డాక్టరు ఒప్పుకోరు. జబ్బు పేరు లేకుండా 'వైద్య కారణాల వల్ల' అని రాయగలరేమో అడిగి చూడండి. ఓపీ చీటీలు జిరాక్స్ తీసి జతచేసేటప్పుడు మాత్రం విభాగం పేరు, మందుల పేర్లు అందులో కనిపిస్తాయని గుర్తుంచుకోండి.