ఎర్రగా వెలిగే పొడి: యూరోపియం కలిపిన యిట్రియా ఇలా చేయండి

మా ల్యాబ్‌లో చేరిన పిల్లలతో నేను మొదట చేయించేది ఇదే. యిట్రియా అంటే యిట్రియం ఆక్సైడ్. దానికి కాస్త యూరోపియం కలిపితే వచ్చేదే సీఎఫ్‌ఎల్ బల్బుల్లో ఎరుపునిచ్చే పదార్థం. మనం వాడేది దహన పద్ధతి, అంటే ఇంధనం కలిపిన ద్రావణాన్ని మండించి పొడి చేయడం. దీన్ని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లో కె.సి. పాటిల్ బృందం 1980లలో తీర్చిదిద్దింది.

యిట్రియం ఆక్సైడ్ 2.145 గ్రాములు, యూరోపియం ఆక్సైడ్ 0.176 గ్రాములు తూచండి. అంటే లోహ అయాన్లలో యూరోపియం 5 శాతం. ఇక్కడ తొందర వద్దు. ఈ నిష్పత్తి తప్పితే తర్వాత కొలిచే వెలుగుకు అర్థమే ఉండదు. నైట్రిక్ ఆమ్లంలో వేడిచేసి కరిగించి, మిగులు ఆమ్లాన్ని ఆవిరి చేయండి. కొద్దిగా నీళ్లు, ఇంధనంగా 2.5 గ్రాముల గ్లైసీన్ (ఒక అమైనో ఆమ్లం) కలపండి. ఆమ్లం దగ్గర గోధుమరంగు విషవాయువు వస్తుంది కనుక అంతా ఫ్యూమ్ హుడ్‌ (వాయువులను బయటికి లాగే గూడు)లోనే, కళ్లద్దాలు, గ్లవ్స్ పెట్టుకునే చేయాలి.

ద్రావణాన్ని వెడల్పాటి గిన్నెలో పోసి, 500 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న మఫిల్ ఫర్నేస్‌ (మూసి ఉండే ల్యాబ్ కొలిమి)లో పెట్టండి. మరిగి, నురగలొచ్చి, గుప్పున అంటుకుంటుంది. పేలాల్లా తేలికైన పొడి మిగులుతుంది. గిన్నె పెద్దదై ఉండాలి, లేకపోతే పొడి బయటికి చిమ్ముతుంది. పొడిని 800 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాల్చండి: మిగిలిన కార్బన్ పోయి, స్ఫటికాలు కుదురుకుంటాయి.

ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష)లో 29.2 డిగ్రీల కోణం దగ్గర ప్రధాన శిఖరం కనిపించాలి. దాని వెడల్పును బట్టి షెరర్ సూత్రం స్ఫటికాల పరిమాణం చెబుతుంది. పరికరం వల్ల వచ్చే వెడల్పును ముందే తీసేయండి. చాలామంది ఇది వదిలేస్తారు, నాకది అస్సలు నచ్చదు.

ఇక 254 నానోమీటర్ల యూవీ దీపం కింద పెట్టండి. ఆ ఎరుపు 611 నానోమీటర్ల దగ్గరిది. దాని తీవ్రతను 590 నానోమీటర్ల దగ్గర వెలువడే కాంతి తీవ్రతతో పోల్చండి: నిష్పత్తి ఎంత పెరిగితే, యూరోపియం చుట్టూ సౌష్ఠవం అంత తక్కువ. ఆపైన 1, 3, 7 శాతాల యూరోపియంతోనూ చేసి, వెలుగు ఎక్కడ తగ్గడం మొదలవుతుందో చూడండి.