క్లయింట్ సైట్ రీడిజైన్: విక్స్, స్క్వేర్‌స్పేస్, షాపిఫై, వెబ్‌ఫ్లోలలో ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

ఈ నాలుగూ హోస్టెడ్ బిల్డర్లు, అంటే సైట్ తయారీ, హోస్టింగ్ రెండూ ఒకే కంపెనీ ఇచ్చే సేవలు. వీటిలో సర్వర్ మన చేతిలో ఉండదు, డేటాబేస్ కంటికి కనిపించదు. అందుకే ఏది చెడినా మొదట తేల్చుకోవాల్సింది ఒకటే: చెడిన ఆ ముక్క ఎక్కడ సేవ్ అయి ఉంది? థీమ్‌లోనా, కంటెంట్‌లోనా, ప్లాట్‌ఫాం అకౌంట్‌లోనా, డొమైన్ సెట్టింగుల్లోనా? అది తేలకుండా కస్టమ్ సీఎస్‌ఎస్ (పేజీ రూపాన్ని మార్చే కోడ్) రాయడం మొదలుపెడితే ఒక తప్పు మీద ఇంకో తప్పు పేరుస్తున్నట్టే.

టెంప్లేట్ మార్చే బటన్ ఎక్కడా కనిపించడం లేదు

అసలు ఉండదు. విక్స్‌లో ఒక టెంప్లేట్‌తో సైట్ మొదలుపెట్టాక దాన్ని మార్చలేం. స్క్వేర్‌స్పేస్ 7.1లోనూ అంతే, అక్కడ అన్ని టెంప్లేట్లూ ఒకే కుటుంబానివి కాబట్టి స్టైల్సే మార్చుకోవాలి. చిక్కేమిటంటే సైట్ స్టైల్స్‌లో ఒక ఫాంట్ మార్చి సేవ్ చేస్తే అది ఆ క్షణమే లైవ్ సైట్ మొత్తానికీ పాకుతుంది. సగం పనిలో ఉన్న సైట్‌ను సందర్శకులు చూస్తారు.

సైట్‌ను డూప్లికేట్ చేసి ప్రయోగాలన్నీ ఆ నకలు మీద చేయండి. కానీ ఆర్డర్లు, కాంటాక్టులు నకలుకు రావు. డొమైన్, చెల్లించిన ప్లాన్ కూడా పాత సైట్ దగ్గరే ఉంటాయి. కాబట్టి నిర్ణయం సైట్ రకాన్ని బట్టి మారుతుంది. అయిదారు పేజీల పరిచయ సైట్ అయితే నకలునే కొత్త సైట్‌గా చేసి ప్లాన్‌ను, డొమైన్‌ను దానికి మార్చవచ్చు. ఆర్డర్లు వచ్చే స్టోర్ అయితే నకలును నమూనాగానే ఉంచి, క్లయింట్ ఒప్పుకున్నాక ఆ మార్పులనే రద్దీ తక్కువ ఉండే వేళ అసలు సైట్‌లో మళ్లీ చేయడం మేలు. రెండుసార్లు పని అనిపిస్తుంది, నిజమే. ఆర్డర్ల చరిత్ర పోయిందని క్లయింట్ ఫోన్ చేయడం కన్నా అది తేలిక.

కొత్త థీమ్ పబ్లిష్ చేయగానే రివ్యూలు, చాట్ బటన్, ట్రాకింగ్ మాయం

ఇది షాపిఫైలో ఎక్కువ. ఉత్పత్తులు, పేజీలు, బ్లాగ్ పోస్టులు స్టోర్‌లో ఉంటాయి. థీమ్ మార్చినా పోవు. కానీ సెక్షన్ల సెట్టింగులు, యాప్ ఎంబెడ్లు (యాప్‌లు థీమ్‌లో చేర్చే భాగాలు), థీమ్ కోడ్‌లో ఎవరో ఎప్పుడో అతికించిన స్క్రిప్టులు పాత థీమ్‌కే చెందినవి.

పబ్లిష్ చేయకముందే పాత థీమ్, కొత్త థీమ్ రెండింటినీ పక్కపక్కన ట్యాబుల్లో తెరవండి. థీమ్ ఎడిటర్‌లో యాప్ ఎంబెడ్స్ జాబితా చూసి, పాతదాంట్లో ఆన్‌లో ఉన్నవాటిని కొత్తదాంట్లోనూ ఆన్ చేయండి. తర్వాత పాత థీమ్ ప్రధాన లేఅవుట్ ఫైల్ హెడ్ భాగంలో ఉన్న స్క్రిప్టులను ఒక్కొక్కటీ చూడండి. వాటిలో కొన్ని ఎప్పుడో తీసేసిన యాప్‌ల అవశేషాలు, వాటిని మోసుకురావద్దు.

ఇంకొకటి చాలామంది కంటపడదు. కాంటాక్ట్ పేజీకి ప్రత్యేక టెంప్లేట్ కేటాయించి ఉంటే, కొత్త థీమ్‌లో అదే పేరుతో టెంప్లేట్ లేనప్పుడు ఆ పేజీ డిఫాల్ట్‌కు పడిపోతుంది. ఫారం కనిపించదు, ఎర్రర్ కూడా రాదు. పాత టెంప్లేట్ల పేర్లు రాసుకుని, అవే పేర్లతో కొత్త థీమ్‌లో టెంప్లేట్లు సృష్టిస్తే చాలు. పాత థీమ్‌ను కనీసం నెల రోజులు డిలీట్ చేయకండి.

డొమైన్ కలిపిన రోజు నుంచి ఈమెయిల్స్ రావడం లేదు

రీడిజైన్‌లో వచ్చే తిప్పలన్నింటిలోకీ ఖరీదైనది ఇదే, ఎందుకంటే ఇది సైట్‌ను కాదు, క్లయింట్ వ్యాపారాన్ని ఆపేస్తుంది. బిల్డర్ చెప్పిందని నేమ్‌సర్వర్లు (డొమైన్ రికార్డులను దాచి ఉంచే సర్వర్లు) మార్చేసి ఉంటారు. నేమ్‌సర్వర్లు మారితే ఆ డొమైన్ డీఎన్‌ఎస్ రికార్డులన్నీ (సైట్ ఎక్కడ, మెయిల్ ఎక్కడ అని చెప్పే వరుసలు) కొత్త చోటు నుంచే చదువుతారు. అక్కడ ఎమ్‌ఎక్స్ రికార్డులు లేకపోతే మెయిల్ ఎటు వెళ్లాలో ఎవరికీ తెలియదు.

నేమ్‌సర్వర్లను ముట్టుకోకుండా ‘ఏ’ (A) రికార్డు, సీనేమ్ రికార్డు (డొమైన్‌ను సైట్ ఉన్న చోటికి చూపేవి) మాత్రమే మార్చి సైట్ కలపవచ్చు. విక్స్, స్క్వేర్‌స్పేస్, షాపిఫై, వెబ్‌ఫ్లో నాలుగింటిలోనూ ఆ దారి ఉంది. మెయిల్ వేరే సంస్థ దగ్గర ఉన్నప్పుడు ఇదే సురక్షితం. క్రమం ఇలా:

1. పాత డీఎన్‌ఎస్ జోన్ (రికార్డుల జాబితా) మొత్తం స్క్రీన్‌షాట్ తీసి, టెక్స్ట్‌గా కూడా దాచుకోండి. ఎమ్‌ఎక్స్, అలాగే మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ వరుసలు తప్పనిసరి.
2. మార్పుకు ఒక రోజు ముందే టీటీఎల్‌ను (రికార్డు ఎంతసేపు క్యాష్‌లో ఉండాలో చెప్పే అంకె) 300 సెకన్లకు తగ్గించండి. అది 86400 ఉంటే పాత చిరునామా 24 గంటల దాకా క్యాష్‌లో మిగిలిపోతుంది.
3. ‘ఏ’, సీనేమ్ రికార్డులు మార్చండి. పాత క్వాడ్ ఏ (AAAA) రికార్డు ఉంటే తీసేయండి. అది మిగిలిపోతే ఐపీవీ6 (కొత్త తరహా ఇంటర్నెట్ చిరునామా) మీద వచ్చేవాళ్లకు పాత సైటే కనిపిస్తుంది. "నాకు కొత్తది, మా తమ్ముడికి పాతది" అనే వింత ఫిర్యాదు వెనుక తరచూ ఉండేది ఇదే.
4. బయటి అకౌంట్ నుంచి మెయిల్ పంపి, జవాబు కూడా తెప్పించుకుని చూడండి.

నేమ్‌సర్వర్లు మార్చక తప్పకపోతే డీఎన్‌ఎస్‌సెక్ (డీఎన్‌ఎస్ జవాబులు నిజమైనవేనని సంతకంతో తేల్చే రక్షణ) ఆన్‌లో ఉందేమో ముందు చూడండి. దానికి చెందిన పాత డీఎస్ రికార్డు రిజిస్ట్రార్ (డొమైన్ కొన్న సంస్థ) దగ్గర మిగిలిపోతే సైట్, మెయిల్ రెండూ చాలామందికి తెరుచుకోవు. మెయిల్ స్పామ్‌లోకి వెళ్తుంటే ఎస్‌పీఎఫ్ రికార్డులు రెండు ఉన్నాయేమో లెక్కపెట్టండి. ఒక డొమైన్‌కు ఒకటే ఉండాలి. రెండుంటే పరిశీలనే ఎర్రర్‌తో ముగుస్తుంది. రెండింటినీ కలిపి ఒకే వరుసగా రాయాలి.

సైట్ తెరుచుకుంటుంది గానీ "సురక్షితం కాదు" అంటుందా? పాత ‘ఏ’ రికార్డు ఇంకా మిగిలి ఉందేమో, సీఏఏ రికార్డు (ఏ సంస్థ సర్టిఫికెట్ ఇవ్వవచ్చో చెప్పేది) బిల్డర్ వాడే సర్టిఫికెట్ సంస్థను అడ్డుకుంటోందేమో చూడండి.

మార్పు చేశాం, క్లయింట్‌కు పాతదే కనిపిస్తోంది

ముందు పబ్లిష్ అయిందా చూడండి. విక్స్‌లో సేవ్ వేరు, పబ్లిష్ వేరు. వెబ్‌ఫ్లోలో పబ్లిష్ నొక్కినప్పుడు స్టేజింగ్ (పరీక్ష కోసం ఉన్న) డొమైన్‌కే టిక్ ఉండి, అసలు డొమైన్‌కు లేకపోవచ్చు. అది సరిగా ఉంటే ఇన్‌కాగ్నిటో విండో, ఆ తర్వాత వైఫై ఆపేసి మొబైల్ డేటా. బిల్డర్ ఇచ్చిన ఉచిత చిరునామాలో కొత్తది వచ్చి, సొంత డొమైన్‌లో రాకపోతే తప్పు డొమైన్ వైపే.

కంప్యూటర్‌లో బాగుంది, ఫోన్‌లో కలగాపులగం

స్క్వేర్‌స్పేస్ ఎడిటర్ అయిన ఫ్లూయిడ్ ఇంజిన్‌లో డెస్క్‌టాప్ గ్రిడ్‌కు 24 నిలువు వరుసలు, మొబైల్‌కు 8. రెండు అమరికలూ వేరువేరు. డెస్క్‌టాప్‌లో ఒక బ్లాక్ జరిపితే మొబైల్‌లో అది జరగదు. కాబట్టి డెస్క్‌టాప్ పూర్తిగా ఖరారయ్యాకే మొబైల్ సర్దండి. మధ్యలో సర్దితే మళ్లీ సర్దాల్సిందే. విక్స్ క్లాసిక్ ఎడిటర్‌లో ముఖ్యమైనవన్నీ 980 పిక్సెల్స్ గీతల లోపలే ఉంచాలి, లేదంటే చిన్న తెరల మీద అంచులు తెగుతాయి. అక్కడ మొబైల్‌లో వద్దనుకున్నదాన్ని మొబైల్ ఎడిటర్‌లోనే దాచండి. డెస్క్‌టాప్‌లో తీసేస్తే రెండు చోట్లా పోతుంది.

బ్లాక్ ఐడీ మీద ఆధారపడి రాసిన సీఎస్‌ఎస్ కూడా ఇక్కడే దెబ్బతీస్తుంది. బ్లాక్ తీసి మళ్లీ పెడితే ఐడీ మారుతుంది, స్టైల్ పోతుంది. వీలైనంతవరకు సెక్షన్ స్థాయిలోనో, బిల్డర్ సొంత స్టైల్ సెట్టింగుల్లోనో పని ముగించండి.

తెలుగు సైట్లకు ఇంకో తలనొప్పి: ఎంచుకున్న ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేకపోతే ఒక్కో ఫోన్ తన సొంత ఫాంట్ వేసుకుంటుంది, అమరిక చెదురుతుంది. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి ఫాంట్ పెట్టి, లైన్ హైట్ 1.6 దగ్గర మొదలుపెట్టండి. ఇంగ్లిష్‌కు సరిపోయే 1.2 పెడితే పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతాయి.

రీడిజైన్ తర్వాత గూగుల్ నుంచి వచ్చేవాళ్లు తగ్గారు

మొదటి అనుమానం నోఇండెక్స్ (పేజీని వెతుకులాటలో చూపవద్దని గూగుల్‌కు చెప్పే గుర్తు) మీద, పాస్‌వర్డ్ రక్షణ మీద. పని జరుగుతున్నప్పుడు పెట్టినవి తీయడం మరిచిపోతారు. అవి లేకపోతే చిరునామాలు మారి ఉంటాయి.

పాత సైట్‌మ్యాప్ (సైట్ పేజీల చిరునామాల ఫైల్), గూగుల్ సెర్చ్ కన్సోల్‌లోని పేజీల జాబితా, బయటి లింకుల జాబితా కలిపి ఒక షీట్ తయారుచేయండి. ప్రతి పాత చిరునామాకూ ఎదురుగా దానికి దగ్గరి కొత్త పేజీ రాసి 301 రీడైరెక్ట్ (పాత చిరునామాకు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాటు) పెట్టండి. అన్నింటినీ హోమ్ పేజీకి తోలితే గూగుల్ వాటిని లేని పేజీలుగానే లెక్కేస్తుంది. రీడైరెక్ట్ పెట్టినా పనిచేయడం లేదంటే పాత పేజీ ఇంకా బతికే ఉందేమో చూడండి: షాపిఫైలో, స్క్వేర్‌స్పేస్‌లో పాత పేజీ తెరుచుకుంటున్నంతసేపూ రీడైరెక్ట్ అమలు కాదు. ఒకసారి పెట్టినవాటిని కనీసం ఏడాది ఉంచాలని గూగుల్ చెబుతుంది.

వేగం తగ్గిందనిపిస్తే ముందు హోమ్ పేజీ పైభాగంలోని పెద్ద ఫోటో చూడండి. ఎల్‌సీపీ (తెర మీది అతిపెద్ద భాగం కనిపించడానికి పట్టే సమయం) 2.5 సెకన్ల లోపు ఉండాలి. ఆ ఫోటోను 2500 పిక్సెల్స్ వెడల్పుకు, 500 కేబీ లోపుకు తెచ్చి, స్లైడర్ తీసేస్తే సగం పని అయిపోతుంది. హోస్టింగ్ మీద నెపం వేయడం ఆ తర్వాత.

క్లయింట్ ఏదో నొక్కాడు, పేజీ పోయింది

స్క్వేర్‌స్పేస్‌లో తీసేసిన పేజీని 30 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు. విక్స్‌లో సైట్ హిస్టరీ, వెబ్‌ఫ్లోలో బ్యాకప్‌లు ఉన్నాయి. షాపిఫైలో థీమ్ నకళ్లు ఉంచుకోవచ్చు, కానీ తీసేసిన ఉత్పత్తిని వెనక్కి తెచ్చే బటన్ లేదు. పని మొదలుపెట్టే రోజే ఉత్పత్తులను సీఎస్‌వీగా (ఎక్సెల్‌లో తెరిచే పట్టిక ఫైల్) ఎగుమతి చేసి పెట్టుకోండి. ఆ ఫైల్‌లో ఫోటోల లింకులే ఉంటాయి, ఫోటోలు ఉండవు. వాటిని విడిగా దింపుకోవాలి.